నాలుగు స్ట్రింగులకి నాలుగు వాల్యూములు: కంప్రెసర్ కొనాలా, స్క్రూడ్రైవర్ తియ్యాలా?

బేస్ గిటార్ వాయించే కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, లావు స్ట్రింగ్ కొడితే కిటికీలు అదురుతున్నాయి, సన్న స్ట్రింగ్ మీదికి పోగానే సౌండ్ మాయం. మంచి కంప్రెసర్ పేరొకటి చెప్పు." కంప్రెసర్ అంటే గట్టి సౌండ్ని తొక్కి మోతలు చదును చేసే యంత్రం; బేస్ వాళ్లు ఎక్కువగా వాడేది దాని పెడల్ రూపం, గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య కాలితో నొక్కే డబ్బా. చాలాకాలం పేరు చెప్పి పంపేసేవాణ్ని. కొన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు నెల తిరక్కుండా మళ్లీ అదే మాటతో వచ్చేసరికి, అడిగిందేమిటో నేనే సరిగా వినలేదని అర్థమైంది.

ముందు పేర్ల చిక్కు తేల్చుకుందాం. గిటార్ లెక్కన స్ట్రింగులు ఈ, ఏ, డీ, జీ. తెలుగులో "ఈ స్ట్రింగ్ మోగిపోతోంది" అంటే ఏ స్ట్రింగో తెలీదు, "ఏ స్ట్రింగ్" అంటే ఎదుటివాడు నన్నే ప్రశ్న అడిగావనుకుంటాడు. అందుకని ఇక్కడ నంబర్లతోనే పిలుస్తాను. అన్నిటికంటే లావుది నాలుగోది, సన్నది ఒకటోది. ఓపెన్‌గా మీటితే నాలుగోది 41 హెర్ట్జ్ (సెకనుకి 41 ఊపులు), మూడోది 55, రెండోది 73, ఒకటోది 98.

కంప్రెసర్‌కి స్ట్రింగ్ కనబడదు

కంప్రెసర్‌కి తెలిసిన పని ఒక్కటే. వచ్చిన సిగ్నల్ ఒక గీత దాటిందా అని చూస్తుంది, దాటితే దాటిన మేరకు తొక్కుతుంది. ఆ గీత పేరు థ్రెషోల్డ్. ఎంత తొక్కాలో చెప్పేది రేషియో. వచ్చింది నాలుగో స్ట్రింగా ఒకటో స్ట్రింగా అన్నది దానికి పట్టదు. మోత ఎంతో అదే దాని లెక్క.

అంకెలతో చూస్తే సంగతి తేలిపోతుంది. గట్టిగా మీటినప్పుడు నాలుగోది మైనస్ 8 డీబీ (డెసిబెల్, మోత కొలత; సున్నాకి దగ్గరైనకొద్దీ గట్టి) దగ్గర, అంతే బలంతో మీటితే ఒకటోది మైనస్ 16 దగ్గర ఉన్నాయనుకుందాం. మధ్యలో 8 డీబీ, చెవికి కొట్టొచ్చినట్టు తెలిసే తేడా. థ్రెషోల్డ్ మైనస్ 20 దగ్గర, రేషియో 4:1 పెట్టాం. నాలుగోది గీతని 12 డీబీ దాటింది, అందులో నాలుగో వంతే బయటికొస్తుంది కాబట్టి మైనస్ 17 దగ్గర ఆగుతుంది. ఒకటోది 4 డీబీ దాటింది, ఒక్కటి మిగులుతుంది, మైనస్ 19. ఎనిమిది డీబీల తేడా రెండుకి దిగింది. స్ట్రింగులని సమానం చేస్తుందని పెడల్ డబ్బా మీద రాసింది అబద్ధమేం కాదు.

ఇప్పుడు పాట నెమ్మదించింది, మీరూ చెయ్యి తేలిక చేశారు. నాలుగోది మైనస్ 22, ఒకటోది మైనస్ 30. రెండూ గీతకి కిందే ఉన్నాయి. కంప్రెసర్ ఉలకదు, పలకదు. తేడా మళ్లీ 8 డీబీ. సరే, గీతని మైనస్ 35 దాకా దించేద్దామా? దించొచ్చు. అప్పుడు మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఇంచుమించు ఒకే సౌండ్. తగ్గిన మోతని తిరిగి పెంచడానికి ఔట్‌పుట్ తిప్పాలి, దాంతో పాటు పికప్ (స్ట్రింగ్ ఊపుని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు ముక్క) గుయ్యి శబ్దం, ఫ్రెట్ల (మెడ మీది లోహపు కమ్మీల) మీద వేళ్లు రాసుకునే శబ్దం కూడా లేచి కూర్చుంటాయి.

అంటే కంప్రెసర్ చదును చేసేది మీటుళ్లని. స్ట్రింగుల మధ్య ఎత్తుపల్లాలు దానివల్ల తగ్గితే తగ్గుతాయి, అదీ గట్టిగా వాయించినంతసేపే. పెడల్ కొనేముందు ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

తేడా గిటార్‌లోనా, గదిలోనా?

దీనికి నేను వాడే పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఒకే స్వరాన్ని వేరువేరు స్ట్రింగుల మీద వాయించండి. మూడోదాని 12వ ఫ్రెట్, రెండోదాని 7వ ఫ్రెట్, ఒకటోదాని 2వ ఫ్రెట్: మూడూ 110 హెర్ట్జే. నాలుగోదాని మీద కావాలంటే 17వ ఫ్రెట్. స్వరం ఒకటే కాబట్టి గది, స్పీకర్, చెవి మూడింటినీ ఒకేలా తాకుతుంది. ఇప్పుడు కూడా ఒకటోది బలహీనంగా ఉంటే లోపం గిటార్‌లోనో చేతిలోనో ఉంది. ఇక్కడ అన్నీ సమానంగా ఉండి, ఓపెన్ స్ట్రింగుల దగ్గర మాత్రమే తేడా వస్తుంటే గదినో స్పీకర్‌నో అనుమానించాలి.

గది గురించి కొంచెం చెప్పాలి. మన ఫ్లాట్లలో పడకగది చాలాచోట్ల పది అడుగులు బై పన్నెండు. ఎదురెదురు గోడల మధ్య పది అడుగుల దూరముంటే 56 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తానే మోగుతుంది. మూడో స్ట్రింగ్ ఓపెన్ స్వరం 55 దాని పక్కనే ఉంది. పన్నెండు అడుగులకి 47 హెర్ట్జ్, అది నాలుగోదాని 2వ ఫ్రెట్‌కి దగ్గర. "మూడో స్ట్రింగ్ ఒక్కటే గుమ్మని మోగుతోంది, పికప్ పాడైందేమో" అన్న ఒక తమ్ముడి చేత హెడ్‌ఫోన్స్ పెట్టించి వాయించమన్నాను. పికప్‌కి ఏ రోగమూ లేదు. మంచం గోడ దగ్గర నుంచి గది మధ్యకి జరిపి కూర్చుంటే కూడా సగం తగ్గింది.

స్పీకర్‌ది ఇంకో కథ. చిన్న ప్రాక్టీస్ ఆంప్ 41 హెర్ట్జ్‌ని సరిగా పలికించలేదు. మనం వినేది దాని పైన ఉండే 82, 123 లాంటి, ఆ స్వరంతో పాటే పుట్టే పై స్వరాలని, అంటే హార్మోనిక్స్‌ని. అదే గిటార్‌ని పెద్ద సబ్‌ వూఫర్లున్న స్టేజి మీద పెడితే నాలుగోది ఛాతీ మీద గుద్దుతుంది. ఇంట్లో నాలుగోది తక్కువగా ఉందని పెంచుకుని వెళ్లినవాడు కల్యాణమండపంలో దొరికిపోయేది ఇందుకే. దీనికి మందు ఈక్వలైజర్, అంటే కింది, పై స్వరాల మోతని విడివిడిగా పెంచి తగ్గించేది. 80 హెర్ట్జ్ కింద కాస్త తగ్గిస్తే అయిపోయేదానికి కంప్రెసర్ ఎందుకు?

స్క్రూడ్రైవర్ వైపు

110 హెర్ట్జ్ పరీక్షలో తేడా తేలితే నేను మొదట చూసేది పికప్ ఎత్తు. పికప్‌కి దగ్గరగా ఉన్న స్ట్రింగ్ గట్టిగా, దూరంగా ఉన్నది మెల్లగా మోగుతుంది. ఇంత సూటి సంబంధం గిటార్‌లో ఇంకోటి లేదు.

ప్రెసిషన్ తరహా బేస్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ఫెండర్ కంపెనీ 1951లో తెచ్చిన ఆ బేస్‌కి 1957లో పికప్‌ని రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క నాలుగు, మూడు స్ట్రింగుల కింద, రెండోది మిగతా రెండింటి కింద. ఏ ముక్కకాముక్క ఎత్తు మార్చుకోవచ్చు. ఫెండర్‌దే ఇంకో మోడల్ జాజ్ బేస్‌లో పికప్ నాలుగింటికీ ఒకే కడ్డీ కాబట్టి, ఒక వైపు దించి ఒక వైపు లేపి వాలుగా పెట్టుకోవడమే.

చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కిపట్టి, దాని అడుగు నుంచి పికప్ పైభాగం దాకా కొలవండి. నాలుగోదాని వైపు 3 మిల్లీమీటర్లు, ఒకటోదాని వైపు 2 దగ్గర మొదలుపెడతాను. స్క్రూ అర చుట్టు తిప్పడం, నాలుగు స్వరాలు వాయించడం, మళ్లీ అర చుట్టు. బలహీనమైనదాన్ని లేపడం కంటే మోగిపోతున్నదాన్ని దించడమే మేలు. మరీ దగ్గరకి లేపితే అయస్కాంతం స్ట్రింగ్‌ని పట్టి లాగుతుంది, పై ఫ్రెట్లలో శ్రుతి వణుకుతుంది, స్వరం తొందరగా చచ్చిపోతుంది.

ఇంకో సంగతి: పాత తరహా ఫ్రెట్‌బోర్డ్ బాగా గుండ్రంగా, 7.25 అంగుళాల రేడియస్‌తో ఉంటుంది. పికప్ పైభాగమేమో బల్లపరుపు. దాంతో మధ్య రెండు స్ట్రింగులు ఎత్తుగా, పికప్‌కి దూరంగా ఉంటాయి. ఇది పూర్తిగా పోదు. కొంత ఓర్చుకోవాలి.

స్ట్రింగుల సంగతి త్వరగా చెప్పేస్తాను. నాలుగింటిలో ఒక్కటే కొత్తది వేస్తే అది పాతవాటి మీద అరుస్తుంది. మారిస్తే సెట్టు మొత్తం మార్చండి. కోస్తాలో ఉక్కకి, చెమటకి లావు స్ట్రింగ్ చుట్టుల్లో మురికి పట్టి మొద్దుబారుతుంది. డబ్బు లేని రోజుల్లో వాటిని ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు మరిగించి, తుడిచి ఆరబెట్టి మళ్లీ వేసేవాణ్ని. మెరుపు తిరిగొస్తుంది, కొద్ది రోజులే. అమ్మ ఆ పాత్రలో మళ్లీ ఇడ్లీ పెట్టలేదు. మందం కూడా చూసుకోండి. 45-65-80-100 సెట్టులో రెండోది మిగతావాటికంటే బిగువు. చేతికి ఆ తేడా తెలుస్తుంటే, నాలుగూ ఒకే బిగువుతో ఉండేలా చేసిన సెట్లు దొరుకుతాయి.

ఒకటో స్ట్రింగ్ మొత్తం బాగానే ఉండి 5వ ఫ్రెట్, 7వ ఫ్రెట్ మధ్య ఒకచోట మాత్రం స్వరం గబుక్కున ఆరిపోతుంటే, అది డెడ్ స్పాట్. మెడ ఆ స్వరంతో పాటు ఊగి శక్తిని మింగేస్తుంది. స్క్రూలు బిగించి పెట్టే ఫెండర్ తరహా మెడలకి ఇది మామూలే. కంప్రెసర్ కొంత సాగదీసి కప్పిపుచ్చుతుంది. అదే స్వరాన్ని రెండో స్ట్రింగ్ మీద ఐదు ఫ్రెట్లు పైన వాయించుకోవడం ఇంకా మేలు.

చెయ్యి గురించి ఎవరూ వినరు, అయినా చెబుతాను. బొటనవేలు పికప్ మీద ఆనించి వాయించేవాళ్లకి ఒకటో స్ట్రింగ్ దగ్గరకి వచ్చేసరికి వేళ్లు చాచుకుపోతాయి, మీటుడు పలచబడుతుంది. వేళ్లతో పాటు బొటనవేల్ని కూడా కిందికి జరుపుతూ, వదిలేసిన స్ట్రింగ్ మీద ఆనించడం అలవాటు చేసుకోండి. వారం రోజులు మెట్రోనోమ్ పెట్టుకుని, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ఈ ఒక్కటీ కుదిరితే పెడల్ అవసరం చాలామందికి తీరిపోతుంది.

ఇంకా కంప్రెసర్ కావాలంటే, ఎలాంటిది?

కావాలి. నేనూ వాడతాను. పికప్ సరిచేశాక మిగిలే రెండు మూడు డీబీల తేడాకీ, స్టేజి మీద ఉత్సాహంలో చెయ్యి అదుపు తప్పినదానికీ అది సరైన మందు. మార్కెట్లో ఉన్నవాటి మధ్య తేడా మాత్రం తెలిసి ఎంచుకోవాలి.

ఆప్టికల్ రకంలో ఒక చిన్న దీపం, దాని వెలుగుని చూసి సిగ్నల్ తగ్గించే సెల్ ఉంటాయి. 1960ల స్టూడియో యంత్రం ఎల్‌ఏ-2ఏ ఈ జాతిదే. స్పందన నెమ్మది, అటాక్ (తొక్కుడు పట్టుకోవడానికి పట్టే టైము) సుమారు 10 మిల్లీసెకన్లు. వదలడం (రిలీజ్) రెండు దశల్లో, మొదటి సగం చకచకా, మిగతాది సెకన్ల తరబడి. పెడల్స్‌లో డైమండ్ బేస్ కంప్రెసర్ ఆప్టికల్. పొడుగు స్వరాలుండే నిదానమైన పాటలకి, చర్చిలో ఆరాధన పాటలకి హాయిగా ఉంటుంది. వేగంగా స్ట్రింగులు మారుతూ వాయించేచోట మాత్రం, మొన్నటి గట్టి స్వరానికి వేసిన శిక్ష తర్వాతి మెల్లని స్వరం అనుభవిస్తుంది.

ఎఫ్‌ఈటీ (ఒక జాతి ట్రాన్సిస్టర్) రకానికి మూలపురుషుడు 1967 నాటి స్టూడియో యంత్రం 1176. అటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్లు, అంటే బాగా నిదానంగా పెట్టినా మిల్లీసెకన్ లోపే. రేషియో 4, 8, 12, 20. ఆరిజిన్ ఎఫెక్ట్స్ కాలీ76 ఆ సర్క్యూట్‌నే పెడల్‌లోకి తెచ్చింది. ఎంఎక్స్‌ఆర్ ఎం87లోనూ అవే రేషియోలు, అటాక్, రిలీజ్ నాబ్‌లు, తొక్కుడు చూపించే లైట్ల వరుస ఉంటాయి. ఈ రకం సౌండ్‌కో కండ ఉంది, రాక్ వాయించేవాళ్లకి అదే నచ్చుతుంది. 1176లో అటాక్ నాబ్ కుడికి తిప్పేకొద్దీ వేగం పెరుగుతుంది. మిగతా యంత్రాల అలవాటుతో తిప్పితే మీటుడు దెబ్బ మొత్తం నలిగిపోయి, బేస్ దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది.

వీసీఏ (వోల్టేజితో మోతని అదుపు చేసే సర్క్యూట్) రకం లెక్కలో కచ్చితం. డీబీఎక్స్ కంపెనీ పేరు తెచ్చుకుంది దీంతోనే. క్షణికమైన శిఖరాల వెంట పడకుండా సగటు మోతని చూసి పనిచేస్తుంది. కీలీ బేసిస్ట్ ఈ దారిలోదే, మూడే నాబ్‌లు. స్ట్రింగులు సమానం చెయ్యడమే ఉద్దేశమైతే నా ఓటు దీనికి. రంగు పులమదు, చెప్పిన పని చేసి పక్కకి తప్పుకుంటుంది.

ఇక మల్టీబ్యాండ్. టీసీ ఎలక్ట్రానిక్ స్పెక్ట్రాకాంప్, ఈబీఎస్ మల్టీకాంప్, బాస్ బీసీ-1ఎక్స్ ఈ కోవలోకి వస్తాయి. సిగ్నల్‌ని లో, హై అంటూ ముక్కలు చేసి దేనికది తొక్కుతాయి. "లావు స్ట్రింగ్‌కి ఒక కంప్రెసర్, సన్న స్ట్రింగ్‌కి ఇంకోటి" అని దుకాణాల్లో చెప్పేస్తుంటారు. అది నిజం కాదు. నాలుగోదాని 12వ ఫ్రెట్ 82 హెర్ట్జ్, రెండోదాని 2వ ఫ్రెట్ కూడా 82. ఏ స్వరం ఏ స్ట్రింగ్ మీద పుట్టిందో బ్యాండ్ ఎలా చెబుతుంది? కానీ స్లాప్ (బొటనవేలితో గుద్ది, వేలితో లాగి వదిలే పద్ధతి) వాయించేవాళ్లకి ఇది వరం. బొటనవేలి గుద్దుకి పైన టపటపలు అణగవు, టపటపలకి కింది బరువు పోదు.

కొనేటప్పుడు పట్టించుకోవాల్సినవి ఇంకో మూడు. తొక్కుడు చూపించే లైట్లు లేనిది మొదటి కంప్రెసర్‌గా కొనకండి. ఆరు డీబీ తొక్కుతోందో పదహారు తొక్కుతోందో కొత్తచెవికి తెలీదు. బ్లెండ్ నాబ్ (తొక్కిన సిగ్నల్‌లో అసలు సిగ్నల్‌ని కలిపేది) మంచిదే, కానీ స్ట్రింగులు సమానం చెయ్యాలంటే అది ఎదురు పనిచేస్తుంది, ఎందుకంటే కలిపే అసలు సిగ్నల్‌లో పాత 8 డీబీ తేడా అలాగే ఉంటుంది. మూడోది సైడ్‌చెయిన్ ఫిల్టర్. కొలిచేటప్పుడు కింది స్వరాలని పట్టించుకోవద్దని కంప్రెసర్‌కి చెప్పే నాబ్ అది. మీ గొడవ నాలుగో స్ట్రింగ్ మోగిపోవడమే అయితే దాన్ని తగ్గించి ఉంచండి, లేకపోతే దొంగకి తాళాలిచ్చినట్టే.

గిటార్ కోసం చేసిన రెండు నాబ్‌ల పాత పెడల్స్, డైనా కాంప్ లాంటివి, బేస్ అడుగు బరువుని తినేస్తాయి. ఎవరైనా ఊరికే ఇస్తే తీసుకోండి. చేతిలో ఇప్పటికే జూమ్ బీ1 ఫోర్ లాంటి మల్టీ ఎఫెక్ట్స్ ఉంటే అందులో కంప్రెసర్ ఉంది; ఆరు నెలలు దాంతో చేతులు కాల్చుకున్నాక వేరే పెడల్ గురించి ఆలోచించొచ్చు. ఇంట్లో రికార్డింగ్ మాత్రమే చేసేవాళ్లకి పెడల్ దండగ. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రీకాంప్ చాలు. అంతకంటే ముందు, బలహీనంగా పడిన స్వరాల వాల్యూమ్‌ని ఒక్కొక్కటిగా చేత్తోనే పెంచుకోవచ్చు. స్ట్రింగ్‌ని గుర్తుపట్టగలిగే కంప్రెసర్ అదొక్కటే, మీ చెయ్యి.

నాబ్‌లు ఎక్కడ పెట్టాలి

రేషియో 4:1. థ్రెషోల్డ్‌ని, అన్నిటికంటే గట్టి స్వరానికి లైట్లు 4 నుంచి 6 డీబీ చూపించేదాకా దించండి. ఒకటో స్ట్రింగ్ మీటితే ఒక లైటు వెలగాలి లేదా అసలు వెలగకూడదు. అక్కడా నాలుగు వెలుగుతుంటే మరీ దించేశారు. అటాక్ 20, 30 మిల్లీసెకన్ల మధ్య. నాలుగో స్ట్రింగ్ ఒక్కసారి ఊగి రావడానికే 24 మిల్లీసెకన్లు పడుతుంది, కాబట్టి ఆ మాత్రం ఆగితేనే వేలి దెబ్బ బయటికొస్తుంది. రిలీజ్ 150 నుంచి 200. మరీ తగ్గించి 30, 40కి తెస్తే కంప్రెసర్ ప్రతి ఊపు వెంటా లేచి పడుతూ కింది స్వరాలని గరగరలాడిస్తుంది. నిమిషానికి 120 బీట్లుండే పాటలో ఎనిమిదో వంతు స్వరాల మధ్య దూరం 250 మిల్లీసెకన్లు. తర్వాతి స్వరం పడేలోపు లైట్లు ఆరుతున్నాయా, అంతే చూసుకోండి.

పెడల్‌బోర్డులో ట్యూనర్ తర్వాత, డ్రైవ్ (సౌండ్‌ని గరుకు చేసే పెడల్) కంటే ముందు. ఎన్వలప్ ఫిల్టర్ (మీటుడు బలాన్ని బట్టి టోన్ మార్చే పెడల్) ఉంటే దాన్ని కంప్రెసర్‌కి ముందే ఉంచాలి, దానికి చేతి ఎత్తుపల్లాలే తిండి.

మిక్సర్ దగ్గర కూర్చున్నాయనతో కూడా ఒక మాట అనుకోండి. ఇప్పటి డిజిటల్ మిక్సర్లలో ప్రతి చానెల్‌కీ కంప్రెసర్ ఉంటుంది, బేస్ కనబడగానే చాలామంది అది ఆన్ చేసేస్తారు. ఒక పెళ్లి రిసెప్షన్‌లో నా పెడల్ 4:1, అక్కడ ఆయన పెట్టింది ఇంకో 4:1. రెండు గీతలూ దాటిన స్వరానికి అది 16:1 అవుతుంది. ఎంత గట్టిగా మీటినా బయట ఒకే సౌండ్, రోడ్డు రోలర్ తొక్కిన తారులా. విరామంలో కీబోర్డ్ వాయించే తమ్ముడు వచ్చి "అన్నా, ఇవాళ ఒంట్లో బాలేదా?" అన్నాడు. అప్పట్నుంచి సౌండ్ చెక్‌లోనే అడుగుతాను: "బేస్ చానెల్లో కాంప్ ఉందా అన్నా?" ఉందంటే నాది 2:1కి దించేస్తాను, లేదా ఆపేస్తాను.

దుకాణంలో వాయించి చూసేటప్పుడు మీ గిటారే తీసుకెళ్లండి, వాళ్ల డెమో గిటార్ పికప్ ఎత్తు మీది కాదు. పెడల్ ఆన్ చేసినా ఆఫ్ చేసినా మోత సమానంగా ఉండేలా ఔట్‌పుట్ నాబ్ సరిచేసుకోండి; గట్టిగా వినబడేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది, అమ్మేవాళ్లకి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. తర్వాత అదే 110 హెర్ట్జ్ స్వరాన్ని నాలుగు స్ట్రింగుల మీదా ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా మీటండి. మెల్లగా మీటినప్పుడు తేడా అలాగే ఉంటే పెడల్ డబ్బాలో పెట్టించుకోకుండా ఇంటికొచ్చి స్క్రూడ్రైవర్ తీయండి.